ఎస్టిమేట్‌లో అంకె కంటే ముందు కారణం అడగండి

సంపాదకుడు గారికి,

మీ పత్రికలో వాహనాల పేజీ నేను వదలకుండా చదువుతాను. కొత్త మోడల్ వస్తే దాని మైలేజీ ఎంత, డిక్కీ ఎంత, లోపల తెర ఎన్ని అంగుళాలు, అన్నీ రాస్తారు, బాగుంటుంది. కానీ ఉన్న కారునే ఏళ్ల తరబడి రిపేరు చేయించుకుంటూ నడుపుకునే మాలాంటి వాళ్ల చేతిలో ఎస్టిమేట్ కాగితం పెట్టినప్పుడు, అది న్యాయమైనదో కాదో ఎలా తెలుసుకోవాలో మాత్రం ఎక్కడా కనపడదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, వీలైతే పూర్తిగా వేయండి.

ఎస్టిమేట్ రాగానే మనందరం చేసే పని ఒకటే. తెలిసినవాళ్లకి ఫోన్ చేసి "నీకెంత అయింది?" అని అడుగుతాం. వాళ్లకి తక్కువ అయితే మోసపోయామనుకుంటాం, ఎక్కువ అయితే ఊపిరి పీల్చుకుంటాం. నేనూ చాలా ఏళ్లు ఇదే చేశాను. వాళ్ల కారు వేరు, వేసిన పార్టు వేరు, అసలు జబ్బే వేరు అయ్యుండొచ్చు అన్న ఆలోచన రాలేదు. చివర్లో ఉన్న మొత్తాన్ని చూసి న్యాయం తేల్చలేమని నాకు అర్థమైంది పోయిన ఏడాది, నా సొంత కారుతో.

ముందు ఎడమ వైపు నుంచి ఒక చప్పుడు మొదలైంది. నున్నటి రోడ్డు మీద ఏమీ ఉండదు, స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా ఎక్కి దిగేటప్పుడు మాత్రం టక్ టక్‌మని రెండుసార్లు. ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. అరగంట కూర్చోబెట్టి కాగితం ఇచ్చారు. ముందు షాక్ అబ్జార్బర్లు రెండు, లోయర్ ఆర్ములు రెండు, స్టీరింగ్ ర్యాక్, అలైన్‌మెంట్, ఆ కింద "ఇతర సామాగ్రి" అని ఒక లైను. చప్పుడు వీటిలో దేన్నుంచి వస్తోందని అడిగాను. "మొత్తం సస్పెన్షన్ అయిపోయింది సార్, అన్నీ మార్చేస్తే మళ్లీ ఆ చప్పుడు వినపడదు" అన్నాడు అడ్వైజర్. బయటికొచ్చి కారులో కూర్చుంటే చేతులు వణికాయి, అంత టెన్షన్ పడ్డాను. ఇంత పాడైపోయిన బండిలో పిల్లల్ని కూర్చోబెట్టి తిప్పానా అని ఒకటే బాధ.

రెండో అభిప్రాయం కోసం ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు, ముందు నా పక్కన కూర్చుని "ఎక్కడ చప్పుడొస్తోందో అక్కడికే పోనివ్వండి సార్" అన్నాడు. అద్దాలు దించి అదే స్పీడ్ బ్రేకర్ మీద రెండుసార్లు ఎక్కించాడు, మూడోసారి బ్రేకు మీద కాలు కొంచెం ఆనించి ఎక్కించమన్నాడు. తిరిగొచ్చాక కారుని లిఫ్ట్ మీద పైకెత్తాడు. చక్రాలు రెండూ గాల్లో వేలాడుతుండగా ఎడమ చక్రం వెనక ఉన్న ఒక సన్నటి రాడ్డుని పట్టుకుని ఊపాడు. టక్. "ఇటు చెయ్యి పెట్టండి సార్" అన్నాడు. పెట్టాను. రాడ్డు చివర ఉన్న బాల్ జాయింట్ దగ్గర రబ్బరు చిరిగిపోయి, లోపల గ్రీజు ఎండిపోయి ఎర్రగా తుప్పు పట్టి ఉంది, ఆయన ఊపిన ప్రతిసారీ ఆ దెబ్బ నా వేళ్లకి తగిలింది. తర్వాత కుడివైపు అదే రాడ్డుని పట్టుకుని ఊపమన్నాడు, బిగుతుగా ఉంది, కదల్లేదు.

దాన్ని లింక్ రాడ్ అంటారు. ఆ మొదటి కాగితంలో రాసిన పెద్ద పెద్ద భాగాల్లో అదొక్కటీ లేదు. అంటే వాళ్లు చెప్పినవన్నీ మార్పించుకుని ఇంటికి వచ్చినా, మర్నాడు అదే స్పీడ్ బ్రేకర్ మీద అదే చప్పుడు వినేవాడిని.

ఆయన అక్కడితో ఆగలేదు. లోయర్ ఆర్మ్ బుష్‌ల దగ్గర ఇనుప కడ్డీ పెట్టి ఎగదోసి, రబ్బరు పగల్లేదని చూపించాడు. షాక్ అబ్జార్బర్ల మీద టార్చి వేసి, నూనె కారిన మరక లేదని చూపించాడు. చక్రాన్ని కుడి ఎడమల రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ కదిపాడు, స్టీరింగ్ వైపు లూజు లేదు. అంతా కలిపి పావుగంట పట్టింది. ఎడమ లింక్ రాడ్ ఒక్కటే మార్చాడు, దీనికి అలైన్‌మెంట్ కూడా అక్కర్లేదన్నాడు. చప్పుడు ఆ రోజుతో పోయింది.

మొదటి సర్వీస్ సెంటర్ వాళ్లు దొంగలని నేను అనడం లేదు. నాకు తెలిసినంతలో వాళ్లు అసలు చూడలేదు, అంతే. చూడకుండా రాశారు. ఎస్టిమేట్ విషయంలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే ఎక్కువ ధర వేస్తే డబ్బు మాత్రమే పోతుంది, చూడకుండా రాస్తే డబ్బూ పోతుంది, జబ్బూ అలాగే ఉంటుంది.

అప్పటినుంచి నేను ప్రతి లైనుకీ ఒకే ప్రశ్న అడుగుతున్నాను. "ఇది ఏం చూసి రాశారు?" జవాబుగా ఒక కొలత రావాలి, లేదా కంటికి కనిపించే చిరుగో కారుడో పగులో రావాలి, లేదా చేతికి తగిలే లూజు రావాలి. "ఇన్ని కిలోమీటర్లు తిరిగింది కదా సార్", "ఈ మోడల్‌కి ఇవి పోతుంటాయి సార్" అనేవి ఎక్కడ వెతకాలో చెప్పే మాటలు. వెతికాక ఏం దొరికిందన్నది విడిగా చెప్పాలి.

బ్రేకుల సంగతే తీసుకోండి. "ప్యాడ్లు అయిపోయాయి" అంటే ఎంత మిగిలాయి? కొత్త ప్యాడ్ మీద రాపిడి పొర సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, 3 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే మార్చాలంటారు. 7 మిల్లీమీటర్లు ఉన్న ప్యాడ్ని మార్చమంటే తొందరపడుతున్నట్టే. డిస్కు మార్చాలంటే ఇంకా తేలిక, కనీసం ఎంత మందం ఉండాలో చాలా డిస్కుల అంచు మీదే అచ్చు వేసి ఉంటుంది, కొలిచి ఆ అంకెతో పోల్చి చూపించమనండి. అయితే ఒక వైపు ప్యాడ్ అరిగితే రెండో వైపు కూడా మార్చాలని చెబితే దాన్ని మోసం అనుకోకండి. ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు లాంటివి ఒక ఇరుసుకి రెండు వైపులా కలిపి మార్చడమే సరైన పద్ధతి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగే అవకాశం ఉంది.

బ్యాటరీ కూడా అంతే. రాత్రంతా ఆపి ఉంచిన కారుకి పొద్దున మీటరు పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12.2 చూపిస్తే సుమారు సగమే చార్జింగ్ ఉన్నట్టు. కానీ చార్జింగ్ తగ్గినంత మాత్రాన బ్యాటరీ చచ్చిపోయినట్టు కాదు, దాన్ని నింపాల్సిన ఆల్టర్నేటర్ పని చేయకపోయినా తగ్గుతుంది. ఇంజిన్ తిరుగుతుండగా 13.5 నుంచి 14.5 వోల్టుల దాకా వస్తుంటే చార్జింగ్ అందుతున్నట్టే (కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే కావాలని దీన్ని తగ్గించి పెంచుతూ ఉంటుంది, అది వేరే సంగతి). ఈ రెండు అంకెలూ చూడకుండా "బ్యాటరీ మార్చండి, పనిలో పనిగా ఆల్టర్నేటర్ కూడా" అన్నారంటే రెండింటిలో ఏది పోయిందో వాళ్లకీ తెలీదన్నమాట.

ఇక స్కానర్. దీని గురించి గట్టిగా చెప్పాలి. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ తగిలిస్తారు, ఒక కోడ్ వస్తుంది, ఆ కోడ్ పేరు మీద ఒక పార్టు ఎస్టిమేట్‌లోకి ఎక్కుతుంది. కంప్యూటరే చెప్పింది కదా అని మనం నోరు మూసుకుంటాం. కంప్యూటర్ ఏ పార్టు పాడైందో చెప్పదు, ఎక్కడో లెక్క తప్పుతోందని మాత్రమే చెబుతుంది. పి0420 అనే కోడ్ వచ్చిందంటే క్యాటలిటిక్ కన్వర్టర్ పొగని శుభ్రం చేసే సామర్థ్యం తగ్గినట్టు కంప్యూటర్‌కి అనిపించిందని అర్థం. కన్వర్టర్ నిజంగానే పోయి ఉండొచ్చు. సైలెన్సర్ గొట్టంలో ఎక్కడైనా లీకున్నా, సెన్సర్ తప్పు చూపిస్తున్నా అదే కోడ్ రావచ్చు. కారులో బాగా ఖరీదైన భాగాల్లో కన్వర్టర్ ఒకటి, కోడ్ ఒక్కటే చూసి దాన్ని మార్చేయమంటే ఎలా?

మా ఆఫీసులో ఒకావిడకి ఇలాగే జరిగింది. ఇంజిన్ వణుకుతోంది, పి0301 వచ్చింది, అంటే 1వ సిలిండర్‌లో మంట సరిగ్గా అంటుకోవడం లేదు. ఆవిడకి ఇచ్చిన ఎస్టిమేట్‌లో కాయిల్స్ (ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టేంత కరెంటు ఇచ్చేవి) నాలుగూ, ప్లగ్గులు నాలుగూ, ఇంజెక్టర్ల క్లీనింగూ ఉన్నాయి. మా లింక్ రాడ్ మెకానిక్ దగ్గరికి నేనే తోడు వెళ్లాను. ఆయన 1వ సిలిండర్ మీదున్న కాయిల్ తీసి 2వ దాని మీద, 2వది తీసి 1వ దాని మీద పెట్టాడు, కోడ్ చెరిపేసి ఇంజిన్ నడిపాడు. కాసేపటికి మళ్లీ లైటు వెలిగింది, ఈసారి కోడ్ పి0302. "చూశారా అమ్మా, కాయిల్ ఎక్కడికి వెళ్తే జబ్బూ అక్కడికే వెళ్లింది" అన్నాడు. కొత్తది ఒక్కటి కూడా కొనకుండా, ఉన్నవాటినే అటూ ఇటూ మార్చి తేల్చేశాడు. కోడ్ కదలకుండా 1 దగ్గరే ఉండిపోయి ఉంటే అప్పుడు ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) వరసగా చూడాల్సి వచ్చేది. ఆవిడ తిరిగొస్తూ "నాకు కారు గురించి తెలీదని మొహం చూసే రాసేశారు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఏసీ గురించి ఒక్క మాట. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చైపోయేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. ప్రతి వేసవికీ గ్యాస్ నింపాల్సి వస్తోందంటే ఎక్కడో లీకుంది, ఎస్టిమేట్‌లో "గ్యాస్ టాపప్" మాత్రమే ఉండి లీకు వెతకడం లేకపోతే వచ్చే ఏడాది మళ్లీ అదే కాగితం.

లేబర్ దగ్గర చాలామంది దెబ్బతినేది ఇలా. కంపెనీలు ఒక్కో పనికి ఇన్ని గంటలని ప్రామాణిక సమయం నిర్ణయిస్తాయి, చాలా సర్వీస్ సెంటర్లు దాని మీదే లెక్క కడతాయి, అందులో తప్పేం లేదు. రెండు పనులు ఒకే విప్పుడులో అయిపోతున్నప్పుడు రెండింటికీ పూర్తి లేబర్ వేస్తేనే తప్పు. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ కిందికి దించాలి. దించాక ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ ఎదురుగానే కనిపిస్తుంది, అప్పుడే అది కూడా మార్చమనడం మంచి సలహా, ఎందుకంటే తర్వాత ఆ చిన్న సీల్ కోసం మళ్లీ గేర్‌బాక్స్ అంతా దించాలి. కానీ సీల్‌కి విడిగా గేర్‌బాక్స్ దించిన లేబర్ కూడా వేశారా? చూడండి. టైమింగ్ బెల్టుతో తిరిగే వాటర్ పంపు ఉన్న ఇంజిన్లలో కూడా ఇంతే, బెల్టు మార్చేటప్పుడు పంపు కూడా మార్చమంటే ఒప్పుకోండి, లేబర్ మాత్రం కలిపి లెక్కేయమనండి.

రెండు చోట్ల ఎస్టిమేట్ తీసుకోమని అందరూ చెబుతారు. తీసుకోండి, కానీ రెండూ ఒకే పనికి తీసుకున్నవేనా? ఒకరు కారు కంపెనీ డబ్బాలో వచ్చే పార్టు రాసి ఉంటారు, ఇంకొకరు అదే పార్టుని కారు కంపెనీకి తయారుచేసి ఇచ్చే సంస్థ తన సొంత పేరుతో అమ్మేది రాసి ఉంటారు, మూడో ఆయన పేరూ ఊరూ లేనిది వేసి చవగ్గా చేస్తానంటారు. రెండోది చాలాసార్లు మంచి బేరం. మూడోది డోర్ హ్యాండిల్ లాంటి వాటికి నడుస్తుందేమో గానీ బ్రేకులకీ స్టీరింగ్‌కీ టైమింగ్ బెల్టుకీ నేనైతే ఒప్పుకోను. అందుకే ప్రతి పార్టు పక్కన ఏ కంపెనీది, పార్ట్ నంబర్ ఎంత, గ్యారంటీ ఎన్ని నెలలు, ఆ గ్యారంటీలో లేబర్ కూడా కలుస్తుందా అన్నవి రాయించుకుంటేనే రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడగలం. "ఇతర సామాగ్రి" అన్న లైనులో ఏముందో కూడా అడగండి. ఇంజిన్ ఆయిల్ ఎన్ని లీటర్లు పడుతుందో కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది, మూడున్నర పట్టే ఇంజిన్‌కి బిల్లులో 5 ఉంటే మిగిలిన డబ్బా ఏదని అడిగే హక్కు మనకుంది. ఇంజిన్ ఫ్లష్‌లు, ట్యాంకులో పోసే మందులు కూడా అంతే, ఆ పుస్తకంలోని సర్వీస్ పట్టికలో లేకపోతే దేనికోసమో వాళ్లు చెప్పాలి.

ఇప్పుడు మెకానిక్‌ల తరఫున కూడా రాయాలి, రాయకపోతే అన్యాయం. "చూసి చెప్పినందుకు కూడా డబ్బులా?" అంటాం మనం. ఆ మాటే మన కొంప ముంచుతోందని నా నమ్మకం. జబ్బు కనిపెట్టడానికి పట్టిన సమయానికి మనం పైసా ఇవ్వం, పార్టు అమ్మితేనే వాళ్లకి మిగులుతుంది, ఇక పార్టులు రాయక ఏం రాస్తారు? అప్పుడప్పుడూ వచ్చి పోయే కరెంటు సమస్య ఒకటి వెతకాలంటే వైర్లు పట్టుకుని గంటలు గంటలు కూర్చోవాలి, దొరికేది చివరికి తుప్పు పట్టిన ఒక చిన్న ఎర్త్ పాయింట్ (వైరుని బండి బాడీకి బిగించే చోటు) అయినా సరే. ఆ కష్టానికి విడిగా ఒక లైను వేసి డబ్బు అడిగే మెకానిక్‌ని నేను ఎక్కువ నమ్ముతాను. తుప్పు పట్టిన బోల్టు విప్పుతుంటే విరగడం, ఒకటి విప్పాక లోపల ఇంకోటి బయటపడటం కూడా నిజంగా జరిగేవే. అలాంటప్పుడు ఖర్చు పెరగడం తప్పు కాదు, మనకి ఫోన్ చేయకుండా పెంచడమే తప్పు. "ఇందులో లేని పని ఏదొచ్చినా ముందు నాకు చెప్పాకే చేయండి" అని ఎస్టిమేట్ కాగితం మీదే రాసి సంతకం పెట్టించుకోండి. విప్పిన పాత పార్టులు చూపించమని కూడా పని మొదలవ్వక ముందే చెప్పాలి, బండి కడిగి తాళం చేతికిచ్చాక అడిగితే చెత్తలో పడేశామంటారు.

ఇంకొకటి. "ఇది ఇవాళే చేయించకపోతే ప్రమాదం సార్" అని భయపెడితే, ఎస్టిమేట్‌ని మూడు ముక్కలు చేయమని అడగండి, ఇవాళే చేయాల్సినవి ఏవి, కొన్ని నెలలు ఆగగలిగేవి ఏవి, ఊరికే గమనిస్తే సరిపోయేవి ఏవి. బ్రేకు ఆయిల్ కారుతుంటే, స్టీరింగ్‌లో లూజుంటే, ఇంజిన్ వేడెక్కిపోతుంటే, టైరులో తీగ బయటపడితే ఇవాళే, అందులో బేరాల్లేవు, ఆ బండిని అక్కణ్నుంచి కదపకండి కూడా. వాల్వ్ కవర్ (ఇంజిన్ పైమూత) అంచున నూనె చెమట పట్టినట్టుంటే, కింద చుక్క పడనంత కాలం ఆగొచ్చు, ఆయిల్ మట్టం చూసుకుంటూ ఉంటే చాలు. పని తెలిసినవాడు ఈ విభజన అడగ్గానే చెప్పేస్తాడు. అన్నీ ఇవాళే అన్నాడంటే నేను తాళం తీసుకుని వచ్చేస్తాను.

సంపాదకుడు గారూ, మీకు నా విన్నపం ఒకటుంది. మీ వాహనాల పేజీలో నెలకొక్కసారైనా ఒక మామూలు ఎస్టిమేట్ కాగితాన్ని, పేర్లు తీసేసి, యథాతథంగా వేయండి. పక్కన అనుభవమున్న మెకానిక్‌తో లైను లైనుకీ రాయించండి, ఈ పార్టు పోయిందని దేన్ని బట్టి తేల్చాలి, ఏ కొలత అడగాలి, ఏది ఆగుతుంది, ఏది ఆగదు అని. మొదటి నెల సస్పెన్షన్ చప్పుళ్లతో మొదలుపెడితే ఆ పాత లింక్ రాడ్ ఇంకా నా డిక్కీలోనే ఉంది, ఫొటో తీసుకోవడానికి పంపిస్తాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు